2,105 యార్డులు: 17 మ్యాచ్‌లు వచ్చినా డికర్సన్ రికార్డు ఎందుకు కదలట్లేదు?

#1 ఈగల్స్_ఈశ్వర్
ఈ ఒక్క విషయం నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్‌లో ఈగల్స్ రన్నర్ సేక్వాన్ బార్క్‌లీ 16 మ్యాచ్‌లకి బంతి పట్టుకుని 2,005 యార్డులు పరిగెత్తాడు. ఇంకో 101 వచ్చి ఉంటే ఎరిక్ డికర్సన్ 1984లో లాస్ ఏంజలస్ రామ్స్ తరఫున పెట్టిన 2,105 పోయేది. మిగిలిన ఒక్క మ్యాచ్ జెయింట్స్‌తో. అతని పాత జట్టు, పైగా ఆట ఫిలడెల్ఫియాలోనే. ప్లేఆఫ్స్‌లో రెండో సీడ్ ఖాయమైపోయిందని కోచ్ సిరియాని అతన్ని ఆడించనే లేదు. ఒక సగం ఆడించినా పోయేదేముంది? 40 ఏళ్ల రికార్డు అంత దగ్గరికి మళ్లీ ఎప్పుడొస్తుంది?

అసలు ప్రశ్న ఇంకోటి. 2021 నుంచి సీజన్‌కి 17 మ్యాచ్‌లు. డికర్సన్‌కి దొరికినవి 16. ఒక మ్యాచ్ ఎక్కువ ఇచ్చినా ఎవరికీ ఎందుకు అందట్లేదు?

#2 ఫ్రిస్కో_మామ
కూర్చోబెట్టడమే కరెక్ట్. అప్పటికే 345 క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తిన సార్లు) అయ్యాయి. ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో ఇంకో 91. ప్యాకర్స్ మీద 119 యార్డులు, రామ్స్ మీద 205, వాషింగ్టన్ మీద 118, ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో చీఫ్స్ మీద 57. మొత్తం 499. రెగ్యులర్ సీజన్‌తో కలిపితే 2,504. టెరెల్ డేవిస్ 1998లో చేసిన 2,476ని అది దాటేసింది. ఒక రికార్డు వదులుకుంటే ఇంకో రికార్డు, దానితోపాటు ఛాంపియన్ల ఉంగరం వచ్చాయి. నేను కౌబాయ్స్ అభిమానిని, అయినా సిరియాని నిర్ణయాన్ని తప్పు పట్టలేను.

#3 స్టాట్స్_సుబ్బు
ఈశ్వర్ గారి రెండో ప్రశ్నకి లెక్కతో జవాబు చెప్తా.

రికార్డు బద్దలవ్వాలంటే 2,106 కావాలి. 16 మ్యాచ్‌లైతే మ్యాచ్‌కి 131.6, 17 అయితే 123.9. చూడటానికి తేలికైనట్టే ఉంది. అయితే యార్డులు వచ్చేది క్యారీల మీద. క్యారీకి సగటున 4.5 వస్తే 468 క్యారీలు కావాలి. లీగ్ చరిత్రలోనే ఒక సీజన్‌లో ఎక్కువ క్యారీలు 416 (లారీ జాన్సన్, చీఫ్స్, 2006). సగటు 5.0 అయితే 422, అదీ 416 దాటిపోయింది. 5.6 అయితే 377. 6.0 అయితే 351.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. డికర్సన్ 379 క్యారీలు, సగటు 5.6. బార్క్‌లీ 345 క్యారీలు, సగటు 5.8. సగటులో బార్క్‌లీయే పైన ఉన్నాడు. తగ్గింది 34 క్యారీలు. ఇక మిగతా వాళ్ల సంగతి చూస్తే, 2023లో లీగ్ టాపర్ క్రిస్టియన్ మెకాఫ్రీ 272 క్యారీలకి 1,459. 2022లో జాష్ జేకబ్స్ 340కి 1,653. ఒక్కడికే 380 సార్లు బంతి ఇచ్చే అలవాటు లీగ్‌లో పోయింది. మ్యాచ్‌లు 18 చేసినా ఆ లోటు పూడదు.

#4 పద్మజ_లయన్స్
మ్యాచ్‌ల లెక్క తీసినప్పుడు ఓ.జె. సింప్సన్‌ని వదిలేస్తే ఎలా? 1973లో బిల్స్ తరఫున 14 మ్యాచ్‌లే ఆడి 2,003. మ్యాచ్‌కి 143.1. ఆ సగటు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. 2,105ని శిఖరం అనే ముందు అది గుర్తుంచుకోవాలి.

#5 స్టాట్స్_సుబ్బు
నిజం. 14 మ్యాచ్‌లు ముగిసేసరికి డికర్సన్ దగ్గరున్నది 1,792. 1984 డిసెంబర్ 9న 15వ మ్యాచ్‌లో హ్యూస్టన్ ఆయిలర్స్ మీద 215 కొట్టి ఓ.జె.ని దాటాడు. చివరి మ్యాచ్ ఫార్టీనైనర్స్ మీద 98. అక్కడికి 2,105.

#6 ఈగల్స్_ఈశ్వర్
అయితే డికర్సన్ ఓ.జె.ని దాటింది కూడా అదనపు మ్యాచ్‌ల వల్లే అన్నమాట. మరి బార్క్‌లీకి 17వ మ్యాచ్ ఇస్తే తప్పేంటి? నా వాదన బలపడింది.

#7 ఫ్రిస్కో_మామ
తప్పని ఎవరన్నారు? అవసరం లేదన్నాను. రెండూ వేరు.

#8 కొత్తగా_చూస్తున్నా
ఒక చిన్న సందేహం. కామెంటరీలో ‘బాక్స్‌లో ఎనిమిది మంది’ అని పదేపదే అంటారు. ఆ బాక్స్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? దానికీ ఈ యార్డులకీ సంబంధం ఏంటి?

#9 లైన్‌మన్_లింగం
#8కి: బంతి పెట్టిన గీత మీద మన లైన్‌మన్‌లలో చివరివాడైన ట్యాకిల్ (లేదా అతని పక్కనుండే టైట్ ఎండ్) నుంచి ఇంకో చివర దాకా వెడల్పు, గీతకి అవతల అయిదారు యార్డుల లోతు. ఆ దీర్ఘచతురస్రంలో ఎంతమంది డిఫెండర్లు నిలబడ్డారన్నదే లెక్క. మనవైపు అడ్డుకునే వాళ్లు అయిదుగురు లైన్‌మన్‌లు, ఒక టైట్ ఎండ్, మొత్తం ఆరుగురు. ఫుల్‌బ్యాక్‌ని (రన్నర్‌కి ముందు పరిగెత్తి దారి చేసేవాణ్ని) దించితే ఏడుగురు. అవతల ఎనిమిది మంది ఉంటే ఒకడు ఖాళీగా మిగులుతాడు. ఆ మిగిలినవాణ్ని తప్పించుకోవడం రన్నర్ పని.

అందుకే క్వార్టర్‌బ్యాక్ (బంతి మొదట అందుకుని పాస్ విసిరేవాడు, లేదా రన్నర్‌కి ఇచ్చేవాడు) పరిగెత్తగలిగితే లెక్క మారిపోతుంది. ఈగల్స్‌లో జేలెన్ హర్ట్స్ షాట్‌గన్‌లో (సెంటర్‌కి కొన్ని యార్డుల వెనక) నిలబడి బంతిని బార్క్‌లీ పొట్ట దగ్గర పెట్టి, ఆట వెళ్లే వైపుకి అవతలి చివరున్న డిఫెండర్‌ని చూస్తాడు. వాడు బార్క్‌లీ వెనక పడితే హర్ట్స్ బంతి వెనక్కి లాక్కుని తనే వెళ్తాడు. వాడు హర్ట్స్ కోసం ఆగితే బంతి బార్క్‌లీది. అంటే ఒకణ్ని ఎవరూ ముట్టుకోకుండానే ఆటలోంచి తీసేసినట్టు. 1984లో డికర్సన్‌కి ఈ వెసులుబాటు లేదు. ఆ ఏడాది ఎక్కువ భాగం క్వార్టర్‌బ్యాక్ జెఫ్ కెంప్. రామ్స్ పరుగు మీదే బతుకుతారని అందరికీ తెలుసు, డిఫెన్స్ ముందుకొచ్చి నిలబడేది. అయినా 5.6.

#10 నంబర్_28
అదే మాట వైకింగ్స్ రన్నర్ అడ్రియన్ పీటర్సన్‌కి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2011 డిసెంబర్ 24న వాషింగ్టన్‌లో మోకాలి ఎ.సి.ఎల్. లిగమెంట్ తెగింది. ఏడాది తిరగకుండా 2012 సీజన్‌లో 348 క్యారీలకి 2,097, సగటు 6.0. క్వార్టర్‌బ్యాక్ క్రిస్టియన్ పాండర్, అతని పాసింగ్‌కి భయపడి వెనక్కి జరిగే డిఫెన్స్ ఒక్కటీ లేదు. మొదటి 6 మ్యాచ్‌లకి 499 మాత్రమే, మోకాలు ఇంకా కుదురుకుంటోంది. మిగతా 10 మ్యాచ్‌లకి 1,598. ఆ పది మ్యాచ్‌ల ఊపులో మొత్తం సీజన్ ఆడితే ఎక్కడికి వెళ్లేదో మీరే లెక్కేసుకోండి.

#11 స్టాట్స్_సుబ్బు
మ్యాచ్‌కి 159.8. 16 మ్యాచ్‌లకి 2,557.

#12 ఈగల్స్_ఈశ్వర్
పీటర్సన్ డికర్సన్‌కి 8 యార్డులు తగ్గాడు. చివరి మ్యాచ్‌లో ఇంకో క్యారీ ఇచ్చి ఉండొచ్చు కదా?

#13 నంబర్_28
ఇవ్వడానికి టైం ఎక్కడుంది? 2012 డిసెంబర్ 30, ప్యాకర్స్‌తో, గెలిస్తేనే ప్లేఆఫ్స్. 34-34 దగ్గర చివరి నిమిషంలో పీటర్సన్ 26 యార్డులు లాగాడు. బంతి ఫీల్డ్ గోల్ (గోల్ కర్రల మధ్యనుంచి తన్నే మూడు పాయింట్ల కిక్) దూరానికి వచ్చేసింది. ఆ పైన చేయాల్సిందల్లా గడియారం కరిగించి కిక్ కొట్టడం. బ్లేర్ వాల్ష్ 29 యార్డుల నుంచి కొట్టాడు, 37-34. పీటర్సన్ ఆ రోజు 199. గెలుపు తెచ్చిన పరుగే అతని ఆఖరి పరుగు. అక్కడ రికార్డు కోసం ఇంకోసారి బంతి ఇచ్చి ఫంబుల్ అయితే (బంతి చేజారితే) సీజనే పోతుంది.

#14 పద్మజ_లయన్స్
మీరంతా 2,000 దాటిన సీజన్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి 1997లో లయన్స్ రన్నర్ బ్యారీ శాండర్స్‌ని చెప్పకుండా ఎలా ఉంటాను? మొదటి రెండు మ్యాచ్‌లకి 33, 20. కలిపి 53. తర్వాత వరసగా 14 మ్యాచ్‌లు, ప్రతి దాంట్లోనూ 100 పైనే. మొత్తం 335 క్యారీలకి 2,053, సగటు 6.1. డికర్సన్ కన్నా 44 క్యారీలు తక్కువ, యార్డులు 52 తక్కువ. ఆ 44లో ఒక పదిహేను ఇచ్చి ఉంటే ఈ థ్రెడ్ శీర్షికలో వేరే పేరు ఉండేది.

#15 ఫ్రిస్కో_మామ
బ్యారీ ఆటలో అందం ఎవరూ కాదనరు. కానీ అతను వెనక్కి పరిగెత్తి నష్టపోయిన యార్డులు కూడా అతనివే. 1994 సీజన్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో ప్యాకర్స్ మీద 13 క్యారీలకి మైనస్ 1. మా కౌబాయ్స్ ఎమ్మిట్ స్మిత్‌కి ఇస్తే మూడు యార్డులు గ్యారంటీ. మూడు, నాలుగు, మూడు, పది యార్డులు పూర్తయి ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు). ట్రోఫీలు అలా వస్తాయి.

#16 పద్మజ_లయన్స్
ఎమ్మిట్ ముందు ల్యారీ ఆలెన్, నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్ ఉన్నారు. ఇంకా ముందు ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్. ఆ లైన్ వెనకాల బ్యారీ ఉంటే ఎలా ఉండేదో ఒకసారి ఊహించండి మామా.

#17 ఫ్రిస్కో_మామ
ఊహలు వద్దమ్మా, జరిగింది చూద్దాం. 1994 జనవరి 2, జెయింట్స్ మీద. భుజం స్థానభ్రంశమైపోయి కూడా ఎమ్మిట్ 32 క్యారీలు, 168 యార్డులు, దానికితోడు 10 క్యాచ్‌లు. ఓవర్‌టైమ్‌లో గెలిచి డివిజన్ పట్టుకెళ్లారు. కెరీర్‌లో 4,409 క్యారీలు, 18,355 యార్డులు, 164 రషింగ్ టచ్‌డౌన్‌లు. 1991 నుంచి 2001 దాకా వరసగా 11 సీజన్లు 1,000 దాటాడు. 35 ఏళ్ల వయసులో అరిజోనాలో 937. మంచి లైన్ వెనక ఉన్నవాళ్లు చాలామందే, 15 ఏళ్లు నిలబడింది ఒక్కడు.

#18 కొత్తగా_చూస్తున్నా
ఇంతకీ యార్డులు వచ్చేది లైన్ వల్లా, రన్నర్ వల్లా?

#19 లైన్‌మన్_లింగం
ఇదే ఈ ఆటలో తెగని గొడవ. రెండు ఆధారాలు ఇస్తా, తూకం మీరే వేసుకోండి.

ఒకటి: బార్క్‌లీ 2023లో జెయింట్స్‌కి 247 క్యారీలు, 962 యార్డులు, సగటు 3.9. మనిషి అతనే. ఏడాది తిరిగేసరికి ఈగల్స్‌లో 5.8. ఎడమ ట్యాకిల్ జోర్డన్ మైలాటా 6 అడుగుల 8 అంగుళాలు, 365 పౌండ్లు, ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడి వచ్చినవాడు. కుడివైపు లేన్ జాన్సన్. లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్.

రెండు: డెన్వర్ బ్రాంకోస్. అలెక్స్ గిబ్స్ అనే లైన్ కోచ్ అక్కడ ఔట్‌సైడ్ జోన్‌ని ఒక విద్యలా నేర్పాడు. 1995లో ఆరో రౌండ్‌లో తీసుకున్న టెరెల్ డేవిస్ 1998లో 392 క్యారీలకి 2,008 చేశాడు. డేవిస్ మోకాలు పోయాక 1999లో ఒలాండిస్ గారీ 1,159, 2000లో మైక్ ఆండర్సన్ 1,487, 2002లో క్లింటన్ పోర్టిస్ 1,508. మనిషి మారినా వెయ్యి దాటింది. అయితే 2,000 మాత్రం డేవిస్ ఒక్కడే. నా లెక్కలో మొదటి నాలుగు యార్డులు లైన్‌వి, ఆ పైన వచ్చేవి రన్నర్‌వి.

ఔట్‌సైడ్ జోన్ ఎలా నడుస్తుందంటే, అయిదుగురూ ఒకే వైపుకి ఒకే తీరున అడుగేస్తారు. ఎదురుగా ఎవడున్నాడని వెతకరు, తన వైపు సందులోకి ఎవడొస్తే వాడే తన మనిషి. పక్కపక్కనున్న ఇద్దరు కలిసి ఒకణ్ని నెడతారు, వాడు కదలగానే అందులో ఒకడు వదిలేసి లైన్‌బ్యాకర్ (ముందు వరస వెనక నిలబడే డిఫెండర్) మీదికి ఎక్కుతాడు. రన్నర్ గురి టైట్ ఎండ్ బయటి తుంటి. బంతి అందగానే అతని కళ్లు ఆ వైపు డిఫెన్సివ్ ఎండ్ భుజం మీద ఉండాలి. ఆ ఎండ్ లోపల చిక్కుకుపోతే చుట్టూ తిరిగి బయటికి. ఎండ్ బయటికి జరిగితే కళ్లు లోపలి డిఫెన్సివ్ ట్యాకిల్ మీదికి. వాడూ జరిగిపోతే వెనక్కి కోసి నేరుగా పైకి. ఒక్క కట్, అంతే. రెండో కట్ వేస్తే వెనకనుంచి వచ్చేవాడు అందుకుంటాడు.

ఎక్కువమంది చెడగొట్టేది ఆ కట్ టైమింగ్. సందు కనపడగానే ఆత్రంగా కోసేస్తారు. తన లైన్‌మన్ మడమల దాకా వెళ్లి కోయాలి. అంతవరకూ లైన్‌బ్యాకర్లు బయటికి పరిగెడుతూనే ఉంటారు, వాళ్ల బరువు ఆ వైపు పడిపోయాక వెనక్కి రాలేరు. రెండడుగుల ముందు కోస్తే వాళ్లు ఇంకా మధ్యలోనే ఉంటారు, సందు మూసుకుపోతుంది. టీవీలో చూస్తే ‘లైన్ ఫెయిలైంది’ అనిపిస్తుంది, నిజానికి చెడింది రన్నర్ దగ్గర.

#20 నంబర్_28
బంగారం లాంటి పోస్ట్. ఆ చివరి పేరా అందరూ రెండుసార్లు చదవాలి.

#21 ఫ్యాంటసీ_ఫణి
లింగం గారూ, డికర్సన్ ఆట కూడా జోనేనా?

#22 లైన్‌మన్_లింగం
కాదు. కోచ్ జాన్ రాబిన్సన్ దగ్గర అతని పేరు మోగింది ‘47 గ్యాప్’ మీద. గ్యాప్ ఆటల్లో ఏ సందులోకి వెళ్లాలో ముందే ఖరారు. ఆ సందు పక్కనున్నవాళ్లు లోపలికి దిగి నెడతారు, అవతలి వైపు గార్డ్ (సెంటర్ పక్కనుండే లైన్‌మన్) లైన్ వెనకనుంచి పరిగెత్తుకొచ్చి చివరి మనిషిని బయటికి తోసేస్తాడు. జోన్‌లో రన్నర్ ఎంచుకుంటాడు, గ్యాప్‌లో రన్నర్ నమ్మి దూకుతాడు. డికర్సన్ నిటారుగా పరిగెత్తేవాడు, 6 అడుగుల 3 అంగుళాల మనిషి, మూడడుగుల్లో పూర్తి వేగం. ముందు జాకీ స్లేటర్, డెన్నిస్ హారా, కెంట్ హిల్. అందుకే అతని పరుగుల్లో కష్టం కనపడదు.

#23 స్టాట్స్_సుబ్బు
కనపడని కష్టం ఇంకోటుంది. 1983లో 13 ఫంబుల్స్, 1984లో 14. ఇవాళ ఏ కోచ్ అయినా అన్ని పారేసుకునేవాడికి 379 సార్లు బంతి ఇస్తాడా?

#24 ఈగల్స్_ఈశ్వర్
14!! ఇది తెలియదు.

#25 లైన్‌మన్_లింగం
ఫంబుల్ జబ్బుకి మందుంది, టికీ బార్బరే దానికి సాక్ష్యం. 2003లో జెయింట్స్‌కి 9 ఫంబుల్స్. టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాక బంతి పట్టుకునే తీరే మార్పించారు. 2005లో 1,860 యార్డులు, ఫంబుల్ ఒకటే.

పట్టు ఇలా ఉండాలి: బంతి ముందు కొసని వేళ్లతో కప్పి పట్టాలి, చూపుడు వేలు, మధ్య వేలు కొసకి అటూ ఇటూ. మిగతా బంతి ముంజేయి మీద, వెనక కొస కండ కిందికి దూరాలి, ఒక పక్క పక్కటెముకలకి ఆనాలి. మణికట్టు మోచేతికన్నా పైన. బార్బర్ బంతిని దాదాపు గుండెల మీదికి తెచ్చేశాడు. మోచేయి ఒంటినుంచి విడివడి వెనక సందు కనపడితే డిఫెండర్ వెనకనుంచి గుద్దు వేస్తాడు. చార్లెస్ టిల్‌మన్ బేర్స్‌లో దీన్నే ఆయుధం చేసుకున్నాడు. గుంపులోకి వెళ్లేటప్పుడు రెండో చెయ్యి బంతి మీద, పక్క గీతవైపు పరిగెడితే బంతి బయటి చేతిలో. ఇంత చేసినా ఎక్కువ జారేది ఎప్పుడంటే, రన్నర్ ఇంకో రెండు యార్డుల కోసం తిరుగుతూ ఒంటి చేత్తో బ్యాలెన్స్ చేసుకునేటప్పుడు.

#26 ఫ్యాంటసీ_ఫణి
లెక్కల గురించి ఒకటి. మంగళవారమో బుధవారమో కొన్నిసార్లు రషింగ్ యార్డులు మారిపోతాయి, ఫ్యాంటసీలో గెలిచిన మ్యాచ్ ఓడిపోతుంది. ఎందుకలా?

#27 స్టాట్స్_సుబ్బు
స్టేడియంలో రాసిన అంకెలని ఎలియాస్ స్పోర్ట్స్ బ్యూరో తర్వాత వీడియోతో సరిచూస్తుంది. ఎక్కువ మార్పులు ఒక్క చోటే వస్తాయి: పక్కకి విసిరిన చిన్న పాస్. బంతి కొంచెమైనా ముందుకి వెళ్తే అది క్యాచ్, యార్డులు రిసీవింగ్‌లోకి. వెనక్కి వెళ్తే అది రష్. కంటికి సమాంతరంగా కనపడేవాటి దగ్గరే తిప్పలు. మోషన్‌లో వచ్చేవాడికి క్వార్టర్‌బ్యాక్ బంతిని ముందుకి చిన్నగా తట్టినా అది పాసే.

ఇంకొన్ని చోట్ల కూడా గందరగోళం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో శాక్ (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని గీత వెనక పడేయడం) నష్టం రషింగ్‌లో కలవదు, కాలేజీ ఆటలో కలుస్తుంది. చివర్లో క్వార్టర్‌బ్యాక్ మోకాలు ఆనిస్తే అది రష్ కిందే, సాధారణంగా మైనస్ 1. గీతకి ముందు దూరంగా జట్టువాడు హోల్డింగ్ (ఎదుటివాణ్ని పట్టి ఆపడం) చేస్తే రన్నర్‌కి ఆ తప్పు జరిగిన చోటిదాకా మాత్రమే యార్డులు, ఆ పైన పరిగెత్తింది గాల్లోకి. టచ్‌డౌన్ తర్వాత చేసే రెండు పాయింట్ల ప్రయత్నంలో వచ్చిన యార్డులు ఎక్కడా కలవవు. రన్నర్ ఏడు యార్డుల వెనకనుంచి పరుగు మొదలెట్టినా కొలత స్క్రిమేజ్ గీత (బంతి పెట్టిన గీత) నుంచే, అదీ పూర్తి యార్డుల్లో.

#28 ఫ్యాంటసీ_ఫణి
అందుకే రికార్డు పుస్తకంలో 99 యార్డుల పరుగే గరిష్ఠం అన్నమాట.

#29 స్టాట్స్_సుబ్బు
అవును, రషింగ్‌లో అంతకు మించి సాధ్యం కాదు. ఇద్దరే చేశారు. టోనీ డార్సెట్, 1983 జనవరి 3, మినసోటాలో. ఆ ప్లేలో కౌబాయ్స్ 10 మందే ఉన్నారు, ఫుల్‌బ్యాక్ రాన్ స్ప్రింగ్స్ మైదానం బయట ఉండిపోయాడు. డెరిక్ హెన్రీ, 2018 డిసెంబర్ 6, జాగ్వార్స్ మీద. ఆ రాత్రి హెన్రీకి 17 క్యారీలే, 238 యార్డులు, 4 టచ్‌డౌన్‌లు.

#30 నంబర్_28
హెన్రీ 99 స్లో మోషన్‌లో చూడండి. దారిలో అడ్డొచ్చినవాళ్లని ఒంటి చేత్తోనే తోసుకుంటూ పోయాడు. 6 అడుగుల 3 అంగుళాలు, 247 పౌండ్లు. చెయ్యి ముందే చాపి ఉంచడు. చాపి ఉంచితే డిఫెండర్ ఆ చేతినే కిందికి కొట్టేస్తాడు. వాడు దూకడానికి బరువు ముందుకి వేసిన క్షణంలో అరచెయ్యి ఛాతీ మీదో భుజం మీదో ఆనించి మోచేయి బిగిస్తాడు, ఆ తోపుతోనే తను పక్కకి జరుగుతాడు. హెల్మెట్ జాలీ పట్టుకుంటే మాత్రం రన్నర్‌కైనా పెనాల్టీయే.

#31 ఫ్రిస్కో_మామ
డార్సెట్ పరుగు అద్భుతమే కానీ ఆ మ్యాచ్ మేం 31-27తో ఓడాం. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

#32 వైజాగ్_సండే
క్యారీలు ఎక్కువైతే మరుసటి ఏడాది కూలిపోతారని, 370 దాటకూడదని ఒక మాట బాగా తిరుగుతుంది. నిజమేనా? ఫ్యాంటసీ డ్రాఫ్ట్‌లో దీని మీదే నిర్ణయాలు తీసుకుంటారు.

#33 నంబర్_28
నిజమే అనిపించే పేర్లు చాలా ఉన్నాయి. లారీ జాన్సన్ 416 క్యారీలు, మరుసటి ఏడాది 8 మ్యాచ్‌లే ఆడి 559. జమాల్ లూయిస్ 2003లో 387కి 2,066, తర్వాత 1,006. టెరెల్ డేవిస్ 392, ప్లేఆఫ్స్‌లో ఇంకో 78, మొత్తం 470. మరుసటి ఏడాది నాలుగో మ్యాచ్‌లో మోకాలు తెగింది. హెన్రీ 2020లో 378కి 2,027, తర్వాతి ఏడాది 8 మ్యాచ్‌లకే 219 క్యారీలు వేసి పాదం ఎముక విరిగింది.

#34 స్టాట్స్_సుబ్బు
ఒప్పుకోను. డేవిస్ మోకాలు పోయింది పరిగెత్తుతూ కాదు. ఇంటర్‌సెప్షన్ (తమ పాస్‌ని ఎదుటి జట్టు పట్టేయడం) తర్వాత ఎదుటివాణ్ని ఆపబోయి తన జట్టువాడే తగిలి తెగింది. దానికి 470 క్యారీలకి సంబంధం ఏంటి? డికర్సన్ 1983లో 390, 1984లో 379, 1986లో 404, 1988లో 388 క్యారీలు. 1986లో 1,821 యార్డులు. 370 నాలుగుసార్లు దాటాడు, నిలబడ్డాడు.

పైగా 370 క్యారీలు వచ్చాయంటే ఆ ఏడాది మనిషికి దెబ్బ తగల్లేదు, లైన్ బాగుంది, జట్టు గెలుస్తోంది అని అర్థం. అన్నీ కలిసొచ్చిన ఏడాది తర్వాత ఏ ఏడాదైనా తగ్గుదలగానే కనిపిస్తుంది. 345 క్యారీలవాళ్లకీ అదే జరుగుతుంది. 2,000 కొట్టినవాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ఇంతవరకూ రెండోసారి కొట్టినవాడు లేడు. రెండోసారి అందరికన్నా దగ్గరికొచ్చింది హెన్రీయే, 2024లో రేవెన్స్‌కి 1,921, 325 క్యారీలకి.

#35 లైన్‌మన్_లింగం
సుబ్బుతో సగం ఏకీభవిస్తా. అంకెకి మహత్యం లేదు. కానీ దెబ్బల సంఖ్యకి ఉంది. క్యారీలు ఒక్కటే లెక్కపెడితే పొరపాటు, క్యాచ్‌లూ పాస్ రష్‌ని అడ్డుకున్నప్పుడు తగిలే దెబ్బలూ కూడా ఉంటాయి. లైన్‌బ్యాకర్ పది యార్డులు పరిగెత్తుకొచ్చి గుద్దేది అక్కడే.

#36 ఈగల్స్_ఈశ్వర్
ఎమ్మిట్ 18,355 సంగతేంటి? హెన్రీ అందుకుంటాడా?

#37 స్టాట్స్_సుబ్బు
2024 సీజన్ ముగిసేసరికి హెన్రీ 11,423, వయసు 31. ఇంకా 6,932 తేడా. ఏడాదికి 1,400 చొప్పున వేసుకున్నా అయిదేళ్లు. ఫ్రాంక్ గోర్ 16 సీజన్లు ఆడి 3,735 క్యారీలకి సరిగ్గా 16,000 దగ్గర ఆగాడు. వాల్టర్ పేటన్ 13 సీజన్లలో ఒక్కటే మ్యాచ్ వదిలి 16,726. నా దృష్టిలో 2,105 కన్నా 18,355 గట్టి రికార్డు. ఒక సీజన్ ఎవరికైనా కుదరొచ్చు.

#38 పద్మజ_లయన్స్
బ్యారీ 15,269 దగ్గర తనంతట తనే ఆట వదిలేశాడు, 1999లో, ఆరోగ్యంగా ఉండగా. పేటన్‌కి 1,457 దూరం. ఇంకో సీజన్ ఆడితే అయిపోయేది. మ్యాచ్‌కి సగటు 99.8. బ్రాడ్‌మన్ 99.94 గురించి చిన్నప్పటినుంచీ విన్న మనకి ఆ అంకె చూస్తే ఏదో అవుతుంది.

#39 వైజాగ్_సండే
ఆ పోలిక తెచ్చారు కాబట్టి, వంద దాటినవాడు ఒకడున్నాడు. జిమ్ బ్రౌన్. 118 మ్యాచ్‌లు, 12,312 యార్డులు, మ్యాచ్‌కి 104.3, క్యారీకి 5.2. 9 సీజన్లలో 8 సార్లు లీగ్ టాపర్. ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. 12, 14 మ్యాచ్‌ల సీజన్లలో చేసింది ఇది. 1963లో 14 మ్యాచ్‌లకి 1,863.

#40 ఫ్రిస్కో_మామ
జిమ్ బ్రౌన్ దగ్గర నేనూ మాట్లాడను.

#41 ఫ్యాంటసీ_ఫణి
టచ్‌డౌన్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. లడేనియన్ టామ్లిన్‌సన్ 2006లో 28 రషింగ్, మొత్తం 31. ఇది పోతుందా?

#42 లైన్‌మన్_లింగం
2,105 కన్నా ముందు పోదు. ఒక యార్డు దగ్గర ఇప్పుడు బంతి క్వార్టర్‌బ్యాక్‌దే. 2024లో బార్క్‌లీ 2,005 యార్డులు పరిగెత్తి 13 రషింగ్ టచ్‌డౌన్‌లు. హర్ట్స్ 14. వెనకనుంచి ఇద్దరు తోస్తుంటే క్వార్టర్‌బ్యాక్ మధ్యలోంచి దూరిపోవడం అక్కడ అన్నిటికన్నా ఖాయమైన దారి, బంతి చేతులు మారదు కాబట్టి జారే ప్రమాదమూ తక్కువ.

#43 నంబర్_28
ఒక్క మ్యాచ్ రికార్డు కూడా పీటర్సన్‌దే, 296. 2007 నవంబర్ 4, చార్జర్స్ మీద, రూకీగా (లీగ్‌లో మొదటి ఏడాదే). మొదటి సగంలో 43, రెండో సగంలో 253. అదే మ్యాచ్‌లో మొదటి సగం చివర చార్జర్స్ ఆంటోనియో క్రోమార్టీ తప్పిన ఫీల్డ్ గోల్‌ని పట్టుకుని 109 యార్డులు తిరిగొచ్చాడు, అంతకన్నా పొడవైన ప్లే సాధ్యమే కాదు. ఒకే రోజు రెండు. మొత్తం మ్యాచ్ దొరికితే చూడండి.

#44 కొత్తగా_చూస్తున్నా
లింగం గారూ, ఆదివారం మ్యాచ్‌లో అది జోనో గ్యాప్ ఆటో ఇంట్లో టీవీలోనే ఎలా కనిపెట్టాలి? అంతా ఒక్క సెకనులో అయిపోతోంది.

#45 వైజాగ్_సండే
#44, ఇండియా నుంచైతే మొదటి మ్యాచ్‌లు రాత్రి 10:30కి, నవంబర్‌లో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక 11:30కి. కాఫీ పెట్టుకోండి.

#46 లైన్‌మన్_లింగం
బంతిని చూడొద్దు. సెంటర్‌కి ఇరుపక్కలా ఉన్న ఇద్దరు గార్డ్‌ల మొదటి అడుగు చూడండి. ఇద్దరూ ఒకే వైపుకి, భుజాలు ముందుకే ఉంచి అడుగేస్తే జోన్. ఒకడు అడుగు వెనక్కి తీసి, భుజం తిప్పి, లైన్ వెంబడి పరిగెడితే గ్యాప్. గార్డ్‌తో పాటు ట్యాకిల్ కూడా అలా చోటు వదిలి పరిగెడితే కౌంటర్, అదీ గ్యాప్‌లో ఒక రకం. ఇద్దరూ వెనక్కి తగ్గి ఛాతీ పైకెత్తి నిలబడితే అది పాస్, రన్నర్‌ని వదిలేయండి. మొదటి క్వార్టర్ మొత్తం ఇదొక్కటే చూడండి, రెండో క్వార్టర్‌కి బంతి ఇవ్వకముందే ఏ వైపు వెళ్తుందో తెలుస్తుంది.

#47 కొత్తగా_చూస్తున్నా
గార్డ్ అలా పరిగెత్తినా రన్నర్ అతని వెనక వెళ్లకపోతే?

#48 లైన్‌మన్_లింగం
అప్పుడు రెండిట్లో ఒకటి. లైన్‌బ్యాకర్లని మోసం చేయడానికి గార్డ్‌ని కావాలనే తప్పుడు వైపుకి పంపారు, లేదా రన్నర్ సందు మూసుకుపోయిందని చూసి దారి మార్చాడు. గార్డ్ చివర ఎవరినైనా గట్టిగా గుద్దాడా అన్నది రీప్లేలో చూడండి. గుద్దడానికి ఎవరూ లేక ఖాళీగా పరిగెత్తుతూ ఉంటే మొదటిది.